ఒక్కటి తగ్గించలేమాండీ

మొన్న మంగళవారం పేపరు లోపలి పేజీలో ఒక చిన్న వార్త పడింది. జంతువులకు తీవ్రమైన బాధ కలిగించే పరిశోధనలకు ప్రభుత్వం డబ్బు ఇవ్వకూడదంటూ పార్లమెంటులో ఒక సభ్యుడు ఇదివరకు ప్రవేశపెట్టిన బిల్లు మళ్లీ కదిలిందట. దాని మీద ప్రజల అభిప్రాయాలు కోరుతున్నారట. వార్తలో రెండు తప్పులున్నాయి. బిల్లు పరిశోధనలను నిషేధిస్తుందని రాశారు. నిషేధించదు, ప్రభుత్వ సొమ్ము మాత్రం ఆపుతుంది. పక్కన కోతి బొమ్మ వేశారు. మన పక్క ఈ గొడవంతా జరిగింది ఎలుకల గురించి. మూడో తప్పు కూడా ఉండే ఉంటుంది, అది నాకు కనపడలేదు. ఆయన ఉంటే చూపించేవారు. ఆయన పోయి కిందటి కార్తీకానికి ఏడాది నిండింది.

ఆయన పశువైద్యుడు. తాడేపల్లిగూడెం దగ్గర ఒక చిన్న పరిశోధనశాలలో పాము విషాల మీద పనిచేసేవారు. నేను ఏలూరులో ఆడపిల్లల కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైనదాన్ని. ఎన్ని ఎలుకల మీద ప్రయోగం చేస్తే వచ్చిన ఫలితాన్ని నమ్మవచ్చో లెక్కకట్టి చెప్పడానికి ఆయనకు ఒక మనిషి కావలసివచ్చింది. ఎవరో నా పేరు చెప్పారు. అలా మొదలై, నెలకో ఆదివారం ప్యాసింజరులో గూడెం నుంచి వచ్చి మా వరండాలో కూర్చోవడం ఆయనకు అలవాటైంది.

వచ్చేటప్పుడు సంచీలో గూడెం మార్కెట్టు ఉల్లిపాయలు తెచ్చేవారు. మా ఇంట్లో ఉల్లి తినం అని మొదటి రోజే చెప్పాను.

"తెలుసండీ. గూడెం నుంచి వస్తూ వట్టి చేతులతో రాలేను కదండీ. మీ పనిమనిషికి ఇవ్వండి," అన్నారు. ఆ తర్వాత కూడా తెస్తూనే ఉన్నారు. మా పనిమనిషి ఆయన రాని నెలలో, "గూడెం డాక్టరు గారికి ఒంట్లో బాగోలేదేమోనండీ," అని దిగులుపడేది.

ఆయన లేచి వెళ్లాక కుర్చీ కింద వరి ఊక రాలి ఉండేది. ఎలుకల బోనుల్లో పరుపుగా రైసుమిల్లు ఊక వేసేవారు, అది చొక్కా మడతల్లో ఇరుక్కునేది. ఎడమ చేతి మడత ఎప్పుడూ కుడి చేతి మడత కంటే పైకి ఉండేది. ఎలుకను పట్టుకునేది ఎడమ చేత్తో కాబట్టి.

గోదావరి వాళ్లకు మర్యాద ఎక్కువంటారు. ఈయనది మరీ విడ్డూరం. ఎలుకను కూడా మీరు అనేవారు. బోనులో చేయి పెట్టి, "రండి, ఇటు రండి, మిమ్మల్నే," అని పిలిచేవారని ఆయన దగ్గర పనిచేసినవాళ్లు నవ్వుతూ చెప్పేవారు.

ఇప్పుడు ఆయన పనేమిటో చెప్పాలి, లేకపోతే మనిషి అర్థం కారు. మా ప్రాంతంలో కోతలప్పుడు చేలల్లోనూ, కొల్లేటి పక్క చేపల చెరువుల గట్ల మీదా రక్తపింజరి కాటు వేస్తుంది. కాటు పడిన మనిషికి రక్తం గడ్డకట్టడం మానేస్తుంది. విరుగుడు మందు ఉంది. కానీ ఆ మందు తయారీకి వాడే విషం ఎక్కడో వేరే చోట పట్టిన పాములది. ఒకే జాతి పాముకు కూడా చోటును బట్టి విషం తీరు మారుతుంది. మన పక్క పాము విషానికి ఆ మందు ఎంతవరకు పనిచేస్తుంది, సరిపోకపోతే మందును ఎలా మార్చాలి, ఇదీ ఆయన పట్టుకున్న పని. దానికి ఆయన చేతిలో ఉన్న పద్ధతి ఒకటే. విషాన్ని, మందును వేరువేరు పాళ్లలో కలిపి, ఎలుకలను గుంపులుగా చేసి ఎక్కించడం. మర్నాటికి ఏ గుంపులో ఎన్ని బతికాయో చూడడం.

చనిపోయేవి హాయిగా చనిపోవు. ఆయన ఆ మాట ఎప్పుడూ దాచలేదు.

మా ఇద్దరి బేరం ఇలా ఉండేది.

"గుంపుకు ఎన్నంటారు మేడం గారండీ?"

"ఎనిమిది."

"ఏడు సరిపోవాండీ?"

"సరిపోవు."

"ఒక్కటి తగ్గించలేమాండీ?"

"డాక్టరు గారూ, ఇది వంకాయల బేరం కాదండీ."

"వంకాయలైతే కొసరు అడుగుతానండి. ఇక్కడ తగ్గించమంటున్నాను."

నేను మళ్లీ కాగితం తీసి మొదటి నుంచి కట్టేదాన్ని. మళ్లీ ఎనిమిదే వచ్చేది. ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని, ఎనిమిది అని రాసుకునేవారు.

ఇందులో తమాషా ఏమిటంటే, మాది పౌరోహిత్యం చేసిన కుటుంబం. మా అమ్మ బియ్యంలో పురుగును చేటతో మెల్లగా చెరిగి, పెరట్లో వదిలి వచ్చేది. ఆయనది కొల్లేటి పక్క వరి పండించే రైతు కుటుంబం. కొర్రమీను పులుసు లేకపోతే అది ఆయనకు ఆదివారం కాదు. అలాంటిది, ఎన్ని చావాలో కాగితం మీద రాసేది నేను, ఒక్కటి తగ్గించమని బతిమాలేది ఆయన.

ప్రయోగం రోజు ఆయన ఒక్కపొద్దు ఉండేవారు. పొద్దుటి నుంచి కాఫీ తప్ప ఏమీ ముట్టకుండా, సూదులన్నీ తానే వేసి, పని అయ్యాకే భోజనం చేసేవారు. ఇది ఆయన చెప్పలేదు, ఫోనులో వాళ్లావిడ చెప్పారు. నేను అడిగాను.

"ఏ దేవుడికండీ ఈ ఒక్కపొద్దు?"

"దేవుడికి కాదండీ. కడుపు నిండా తిని ఆ గదిలోకి వెళ్తే నిద్రొస్తుంది. నిద్రలో సూది వంకర పోతే ఎలుక బాధ రెట్టింపవుతుంది."

ఆ సమాధానం నేను పూర్తిగా నమ్మలేదు. ఆయనా నమ్మించడానికి ప్రయత్నించలేదు.

ఒక వానాకాలం ఆయన ఆదివారం కాని రోజున వచ్చారు. ఉల్లిపాయల సంచీ లేదు. కాఫీ వద్దన్నారు. మంచినీళ్లు తాగి, చెంబు కింద పెట్టి, "నేను తగ్గించానండి," అన్నారు.

"ఎన్ని?"

"గుంపుకు రెండు. మీతో చెప్పలేదు."

ఫలితాల కాగితం చూశాను. ఎటూ తేలలేదు. మందు పనిచేసిందని అనడానికి లేదు, చేయలేదని అనడానికి లేదు. గుంపుకు ఎనిమిది ఉండి ఉంటే తేలేది. ఇప్పుడు చేసిందంతా తీసి పక్కన పెట్టి, కొత్త ఎలుకలతో మొదటి నుంచి చేయాలి. ఆయన జాలిపడి మిగిల్చినవి ఎన్నో, ఆ జాలి వల్ల అదనంగా పోయినవి ఎన్నో నేను కూడి చూపించనక్కర్లేదు. ఆయన దారిలో రైల్లోనే కూడుకుని వచ్చారు.

"కోసేవాడు చేయి వణికించకూడదంటారు కదండీ," అన్నారు. "నాకు వణికింది. నాకు వణికినందుకు అవి పోయాయి."

ఆ తర్వాత కూడా "ఒక్కటి తగ్గించలేమాండీ" అని అడగడం మానలేదు. అడిగి, నేను తల అడ్డంగా ఊపేదాకా ఆగి, నేను చెప్పినంతే రాసుకునేవారు.

ఇదంతా జరుగుతూండగా ఈ బిల్లు వచ్చింది. ఏలూరులో దాన్ని సమర్థిస్తూ ఒక సభ పెట్టారు. పెట్టింది నా దగ్గర చదువుకున్న అమ్మాయే, ఇప్పుడు లాయరు. క్లాసులో కూడా తప్పు లెక్క చూస్తే కూర్చోలేక లేచి నిలబడే పిల్ల. వీధికుక్కలకు కాలు విరిగినా, ఎవరైనా గేదెను కొట్టినా కేసు వేసేది. బిల్లుకు మద్దతుగా ఆమె తయారుచేసిన వినతిపత్రంలో, ప్రభుత్వ సొమ్ముతో జరుగుతున్న క్రూరమైన వృథా ప్రయోగాలు అంటూ కొన్ని ఉదాహరణలు ఇచ్చింది. అందులో గూడెం పక్క పాము విషం ప్రయోగం ఒకటి.

పరిశోధనశాల పెద్దలు వెంటనే జవాబు తయారుచేశారు. మా దగ్గర ఏ జంతువూ బాధపడదు అని అందులో ఒక వాక్యం. ఈయనను సంతకం పెట్టమన్నారు.

"పడతాయండి. పడవని ఎలా రాస్తాను?" అని కాగితం తిరిగి ఇచ్చేశారట.

సభకు ఆయనను ఎవరూ పిలవలేదు. తనంతట తానే వచ్చి రెండో వరుసలో కూర్చున్నారు. నేను ఆయన పక్కన కూర్చున్నాను. మా అమ్మాయి, అదే, లాయరు, ఆయనను గుర్తుపట్టి మైకులోనే అడిగింది.

"డాక్టరు గారూ, మీరు ఎలుకల్ని మీరు అంటారట, నిజమేనా?"

"నిజమేనండి."

"మీరు అని పిలిచి సూది గుచ్చుతారా?"

"నువ్వు అని గుచ్చితే నొప్పి తగ్గుతుందాండీ?"

సభలో నవ్వులు. ఆమె నవ్వలేదు. "చేపలు తింటారు, ఎలుకల మీద జాలి అంటారు. ఏమిటండీ ఇది?"

"తిన్నదానికి లెక్క నా పొట్ట చెబుతుందండి. ఇక్కడ డబ్బు మీది, ప్రాణం దానిది. నాదంటూ ఏమీ లేదు. అందుకని లెక్క నేను చెప్పాలి."

చెప్పారు కూడా. గుంపుకు రెండు తగ్గించిన సంగతి, మళ్లీ మొదటి నుంచి చేసిన సంగతి అంత మందిలో నిలబడి చెప్పారు. నేను ఆయన చొక్కా అంచు పట్టుకుని లాగాను. కూర్చోలేదు.

ఆమె అంతా వింది. "మీరు చెప్పినదాన్ని బట్టి మీకు డబ్బు ఇవ్వకూడదండి."

"అవునండి. నాకు ఇవ్వద్దు. పనికి ఇవ్వండి."

"పని చేసేది మీరేగా?"

"ఇంకొకరు చేస్తారు. బయటివాళ్లెవరైనా లెక్క చూడాలని, వాళ్లు ఒప్పుకుంటేనే డబ్బు ఇవ్వాలని మీ బిల్లులో రాయించండి. ఎక్కువ చంపినా తప్పే, తక్కువ చంపినా తప్పేనని రాయించండి. నేను సంతకం పెడతాను."

సభ ముగిశాక పరిశోధనశాల వాళ్లు ఆయనతో మాట్లాడలేదు. సభ పెట్టినవాళ్లూ మాట్లాడలేదు. ఇద్దరికీ ఆయన అవతలి పక్షం మనిషిగా కనిపించారు. మేమిద్దరం ఆటోలో పవర్‌పేట స్టేషనుకు వచ్చి, ప్యాసింజరు ఆలస్యమైతే బెంచీ మీద కూర్చుని వేరుసెనగకాయలు తిన్నాం.

"మరీ అంత చెప్పాలాండీ?" అన్నాను.

"సగం చెబితే మళ్లీ రావాలి కదండీ," అన్నారు.

బిల్లు చట్టం కాలేదు. చర్చకు కూడా రాలేదు. అయినా డబ్బు ఇచ్చే ఆఫీసువాళ్లు భయపడ్డారు. సంగతి తేలేవరకు విషం ప్రయోగాల రెండో విడత ఆపుతున్నామని రాశారు. మొదటి విడతలో మన పక్క విషానికి ఆ మందు చాలదని తేలింది. ఎలా మార్చితే చాలుతుందో తేల్చవలసింది రెండో విడతలో. అక్కడ ఆగిపోయింది.

గదిలో సూది పడని ఎలుకలు మిగిలాయి. వాటిని చంపి తీసేయమన్నారు. ఆయన అప్పటికి రిటైరయ్యారు కూడా. "దాణా నేను తెచ్చుకుంటానండి, తాళంచెవి మాత్రం ఇవ్వండి," అని అడిగి, రోజూ పొద్దున్నే వెళ్లి ఊక మార్చి, నీళ్లు పెట్టి వచ్చేవారు. జీతం లేని ఆ ఉద్యోగం ఏడాది పైగా చేశారు.

ఆ రోజుల్లోనే లాయరమ్మాయి నాకు ఫోను చేసింది. "మేడం, ఆ గది చూడాలని ఉంది. చూడకుండానే రాశానని నాకే బాగోలేదు. మీరు కూడా రండి. ఒక్కదాన్నే వెళ్తే ఆయన అండీ అండీ అంటూ నన్ను ఒప్పించేస్తారు."

ఆమె కారులో వెళ్లాం. కోతల కాలం, రోడ్డు పక్కనే ధాన్యం ఆరబోశారు. ఆయన గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నారు. మమ్మల్ని చూడగానే కూర్చోమని కూడా అనకుండా, "రండి, మీకొకటి చూపిస్తాను," అని లోపలికి తీసుకెళ్లారు.

ఒక బోనులోంచి ఎలుకను తీసి ఎడమ అరచేతిలో పెట్టుకున్నారు. తెల్లటి బొచ్చు అక్కడక్కడా పలచబడి గులాబీ రంగు చర్మం కనిపిస్తోంది. వీపు వంగింది. చేతిలోంచి దూకి పారిపోవాలన్న ఆలోచనే దానికి ఉన్నట్టు లేదు.

"దీనికి ఏం జబ్బండీ?" అంది లాయరు.

"జబ్బు లేదండి. ముసలితనం." ఆయన దాని వైపే చూస్తున్నారు. "ఇన్నేళ్లు వీటితోనే బతికాను కదండీ. ముసలి ఎలుకను చూడడం నాకు ఇదే మొదలు. నా దగ్గర ఏదీ ఇంతదాకా రాలేదు."

ఆయన నానబెట్టిన మెతుకు ఒకటి వేలి కొసన పెట్టి అందించారు. అది వాసన చూసి, తీరిగ్గా తినడం మొదలుపెట్టింది.

అప్పుడు ఆయన ఫోను మోగింది. కుడి చేత్తో తీశారు. ఏలూరు ఆసుపత్రి నుంచి ఒక కుర్ర డాక్టరు. పింజరి కాటు కేసుల్లో మందు పట్టకపోతే అతను ఈయనను సలహా అడిగేవాడు. గది చిన్నది, మాకు కూడా వినపడింది. కొల్లేటి పక్క ఊరి మనిషి, కోతకు వెళ్లిన ఆవిడ. ఇవ్వవలసినంత మందు ఇచ్చారు. గాజు గొట్టంలో తీసిన రక్తం ఇంకా నీళ్లలాగే ఉంది. ఇంకా ఇవ్వమంటారా, ఆగమంటారా?

"ఇవ్వండి. పెద్దాసుపత్రికి పంపే ఏర్పాటు కూడా చూడండి," అన్నారు. తర్వాత, "ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర లేదండీ బాబూ. మేము అక్కడిదాకా వెళ్లలేదు," అన్నారు.

ఫోను పెట్టేసి, ఎలుకను బోనులో దించి, నీళ్ల సీసా సరిచేశారు. గడియ వేసి, మరోసారి లాగి చూశారు. "నేను ఏలూరు వెళ్లాలండి. ప్యాసింజరు ఇప్పుడు లేదు."

"పదండి," అంది లాయరు.

ఆయన ముందు సీటులో, నేను వెనక. భీమడోలు దాటాక ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "ఆ రోజు సభలో అన్నారే, బయటివాళ్లు లెక్క చూడాలని. అది మళ్లీ చెప్పండి. మేడం, మీరు రాసుకుంటారా?" అంది.

ఆయన చెప్పారు, నేను రాశాను. జంతువుకు నొప్పి పెట్టక తప్పదని రుజువు చేయాలి. ఎన్నింటికి అన్నది ఆ పనితో సంబంధం లేని మనిషి తేల్చాలి. ఫలితం ఏదైనా, తప్పిపోయినదైనా, అందరికీ తెలియజేయాలి. అలా చేసినవాళ్లకు ప్రభుత్వం డబ్బు ఆపకూడదు.

"వినతిపత్రంలోంచి మీ ప్రయోగం తీసేయలేనండి," అంది ఆమె. "అది క్రూరమైనదే."

"తీసేయకండి. వృథా అన్న ఒక్క మాట కొట్టేయండి చాలు."

"కొట్టేస్తాను."

చదివేవారు ఆందోళన పడకుండా ముందే చెబుతాను. పాము కరిచిన ఆవిడను ఆ సాయంత్రమే విజయవాడ తీసుకెళ్లారు. మూత్రపిండాలు దెబ్బతిని చాలా అవస్థ పడింది కానీ బతికి ఇంటికి వచ్చింది. మేము ఆసుపత్రికి చేరేసరికి మాత్రం అది ఎవరికీ తెలియదు. వరండాలో బల్ల మీద ఆవిడ భర్త కూర్చుని ఉన్నాడు. కాళ్లకు ఇంకా చేని మట్టి ఉంది. కుర్ర డాక్టరు ఈయనను చూపించి, విషం మీద పనిచేసే డాక్టరు గారు వీరే అని చెప్పి లోపలికి వెళ్లాడు.

అతను లేవబోయాడు. ఈయన భుజం పట్టి కూర్చోబెట్టి, పక్కనే కూర్చున్నారు.

"మందు మంచిదేనంటున్నారండీ," అన్నాడతను. "సీసాల మీద సీసాలు ఎక్కించారండీ. మరి ఎందుకు పట్టలేదండీ?"

డబ్బు ఆపేశారని ఆయన చెప్పవచ్చు. అబద్ధం కాదు. ఆపమని కాగితం రాసిన మనిషి మూడడుగుల దూరంలో స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. ఆయన ఆమె వైపు చూడలేదు.

"మా పని ఇంకా పూర్తికాలేదండి. ఆలస్యం మాది," అన్నారు.

"ఎవరిదండీ?" అన్నాడతను, అర్థంకాక.

"నాదేనండి. ఆ పని నాది."

లాయరమ్మాయి స్తంభం వదిలి ముందుకు వచ్చింది. "ఆయన ఒక్కరిదే కాదండీ," అంది. "నేను కూడా ఉన్నాను అందులో."

అతను ఆమెను చూశాడు, ఆయనను చూశాడు. ఏమీ బోధపడలేదు. ఈ అమ్మాయి కూడా డాక్టరే అనుకున్నట్టున్నాడు. తువ్వాలుతో బల్ల తుడిచి, కొంచెం జరిగి, ఆమెకు చోటిచ్చాడు.